కొత్తగా చదవాలనుకునేవాళ్ళను భయపెట్టకండి: పాత పాఠకులకు ఒక బహిరంగ లేఖ

బాగా చదివిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

“నాకు పుస్తకాలు చదివే అలవాటు లేదండీ. ఇప్పుడు మొదలుపెడదామని ఉంది. తేలిగ్గా, సరదాగా సాగిపోయే నవల ఒకటి చెప్పండి.” ఈ మాట మనలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. అడిగేది ఇంజనీరింగ్ చదివే కుర్రాడు కావచ్చు, మొన్నే రిటైరైన బంధువు కావచ్చు, పిల్లలు పెద్దవాళ్ళై ఇన్నాళ్ళకు కాస్త తీరిక దొరికిన ఆవిడ కావచ్చు. ఎవరడిగినా ప్రశ్నలో తికమక ఏమీ లేదు. తేలిక, సరదా, నవల, ఒకటి.

మన జవాబులు చూడండి. ఒకరు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ అంటారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదవకపోతే తెలుగు నవల చదివినట్టే కాదంటారు ఇంకొకరు. మూడోవారిది బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, నాలుగోవారిది వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’. తెలుగులో అసలు నవలే లేదని గట్టిగా నమ్మే ఐదోవారు తిన్నగా రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ దగ్గరికి తీసుకుపోతారు. ఆ తర్వాత అడిగిన మనిషిని పక్కన పెట్టేసి, విశ్వనాథ గొప్పా గోపీచంద్ గొప్పా అని మనలో మనం వాదించుకుంటాం. మంచి వాదనే, నాకూ ఇష్టమే. కానీ అది మొదలైన రెండు నిమిషాలకే అడిగినవాడు ఫోను తీసి ఏదో వీడియో చూసుకుంటూ ఉంటాడు.

నిజానికి ఆ జవాబుల్లో మనం చెప్పేది నవల పేరు మాత్రమే కాదు, మన స్థాయి కూడా. నలుగురి ముందు ‘సెక్రటరీ’లాంటి ప్రేమ నవల చదవమని చెప్తే మనల్ని ఏమనుకుంటారోనన్న బెరుకు ఉంటుంది. ‘వేయిపడగలు’ పేరు చెప్తే ఆ బాధ లేదు. అడిగినవాడికి పనికొస్తుందా లేదా అన్నది ఆ క్షణాన మన బుర్రకు తట్టదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. సినిమా బాగోలేకపోతే జనం సినిమానే తిడతారు, వారం తిరగకుండా ఇంకోదానికి వెళ్తారు. పుస్తకం దగ్గర మాత్రం అలా జరగదు. నలభై పేజీల దగ్గర ఆగిపోయినవాడు “ఈ నవల నాకు నచ్చలేదు” అనడు. “చదవడం నా వల్ల కాదు” అంటాడు. పైగా అది గొప్ప నవల అని మనం ముందే చెప్పి పంపించాం కాబట్టి, లోపం తనలోనే ఉందని ఖాయం చేసుకుంటాడు. అలాంటివాడు రెండో పుస్తకం ముట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కొందరు ఎప్పటికీ ముట్టుకోరు.

అందుకే నా మనవి. మొదటి నవలకు మనం చూడాల్సిన అర్హత ఒక్కటే, చివరి పేజీ దాకా చదివించడం. శిల్పం, తాత్వికత, సామాజిక ప్రయోజనం, ఇవన్నీ తర్వాతి పుస్తకాల నుంచి చూసుకోవచ్చు.

తేలిక అనగానే చాలామంది పేజీలు లెక్కపెడతారు. పేజీల లెక్క అవసరమే. వెయ్యి పేజీల దరిదాపుల్లో ఉండే ‘వేయిపడగలు’ను అలవాటు లేనివాడి చేతిలో పెట్టడం దుడుకుతనమే. అయితే చిన్నదల్లా తేలికా కాదు. ‘అసమర్థుని జీవయాత్ర’ చిన్న పుస్తకమే. సీతారామారావు బుర్రలో జరిగే రభస వెంట నడవడానికి మాత్రం చదువరికి కొంత ఓపిక, కొంత తర్ఫీదు కావాలి. ‘చివరకు మిగిలేది’లో దయానిధి కూడా అంతే. అక్కడ నడిచే కథ కంటే లోపల జరిగే మథనం ఎక్కువ. ఆ మథనంలో రుచి ఉందని మనకు తెలుసు, ఎందుకంటే మనం అప్పటికి చాలా చదివి అక్కడికి వెళ్ళాం.

చదవడం అలవాటు లేనివాడికి ఎక్కడ చిక్కు వస్తుందో నాకు తోచింది చెప్తాను. మొదటిది పేర్లు. మొదటి అధ్యాయంలోనే పదిమంది వచ్చేస్తే ఎవరెవరో గుర్తుండదు. రష్యన్ నవలల్లో ఒకే మనిషిని ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ముద్దుపేరుతో మూడు రకాలుగా పిలుస్తుంటారు. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’లో పాత్రలు 500 పైచిలుకు. అలవాటైనవాళ్ళం మనమే వెనక్కీ ముందుకీ తిప్పుకుంటాం.

రెండోది, కథలో ఏం జరుగుతోందో తెలియడానికి పట్టే సమయం. మొదటి పదిహేను ఇరవై పేజీల్లో “తర్వాత ఏమైంది?” అనే ప్రశ్న పుట్టాలి. ఊరి వర్ణన, వంశ చరిత్ర, ఋతువులు అయ్యాక కథ మొదలయ్యే నవలలు గొప్పవి కావచ్చు, మొదటివి మాత్రం కాలేవు. మూడోది సంభాషణలు. పేజీలో మాటలు ఎక్కువగా ఉంటే కంటికి ఖాళీ దొరుకుతుంది, చదువు పరుగెడుతుంది. ఎక్కడా పేరా విరగకుండా రెండు పేజీలు నిండి ఉంటే చూడగానే నీరసం వస్తుంది. ఇది నామోషీ పడాల్సిన విషయం కాదు, కంటికి సంబంధించిన విషయం. అధ్యాయాలు చిన్నవైతే ఇంకా మంచిది. నిద్రపోయే ముందు ఒకటి పూర్తి చేశాననే తృప్తి ఉంటుంది.

ఈ లెక్కన చూస్తే కొత్త చదువరికి కావాల్సినవన్నీ మన వారపత్రికల సీరియళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి. వారం వారం వచ్చే సీరియల్ రాసేవాళ్ళకు ఒక నిర్బంధం ఉంటుంది. ప్రతి భాగం చివరా పాఠకుణ్ణి వచ్చే వారం దాకా పట్టి ఉంచే దగ్గర ఆపాలి. పాత్ర రాగానే గుర్తుపట్టేలా ఉండాలి, ఎందుకంటే చదివేవాడు దాన్ని చూసి ఏడు రోజులైంది. ఇది మనకే ప్రత్యేకం కాదు. డికెన్స్ నవలలు భాగాలుగానే వచ్చాయి. షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ 1901–02లో పత్రికలో సీరియల్‌గా నడిచిందే. ఆ నిర్బంధంలోంచి పుట్టిన నేర్పు కొత్తగా చదివేవాడికి చేతికర్ర.

మన దగ్గర 1960ల నుంచి 80ల దాకా ఆ నేర్పు తెలిసినవాళ్ళు ఒక తరం మొత్తాన్ని చదివించారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ తీసుకోండి. ఉద్యోగానికి వచ్చిన జయంతి, ఆమె యజమాని రాజశేఖరం. ఇద్దరి అహాలూ గుద్దుకుంటూ ఉంటాయి, కథ పోతూ ఉంటుంది. ఎక్కడ పట్టుకుందో తెలిసేలోగా సగం పుస్తకం అయిపోతుంది. ఇవాళ చదివేవాళ్ళకు ఆ హీరో పొగరు చిరాకు తెప్పించవచ్చు, అది ముందే చెప్పేయండి. చిరాకు పడుతూ కూడా చదువుతారు.

యండమూరి వీరేంద్రనాథ్‌ది ఒకటే చెప్పాల్సివస్తే నేను ‘వెన్నెల్లో ఆడపిల్ల’ చెప్తాను. రేవంత్ అనే చదరంగం ఆటగాడికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తనెవరో చెప్పదు, తన ఆచూకీ కనిపెట్టమని పజిళ్ళు విసురుతుంది. అతనితోపాటు మనమూ కాగితం తీసి లెక్కలు వేస్తాం. సెల్‌ఫోను వయసులో పుట్టినవాళ్ళకు ల్యాండ్‌లైను కథ అంటే ఎలా ఎక్కుతుందని ఒకరు సందేహపడ్డారు. కాలర్ ఎవరో కనబడని రోజులవి అని ఒక్క ముక్క చెప్తే చాలు, మిగతాది నవలే చూసుకుంటుంది. ముగింపు గురించి మాత్రం నోరు జారకండి.

భయం కావాలనేవాళ్ళకు యండమూరిదే ‘తులసిదళం’ ఉంది. దానిమీద రంగనాయకమ్మ ఘాటుగా విమర్శ రాశారన్న సంగతి కూడా చెప్పండి. మూఢనమ్మకాల విషయంలో ఆ విమర్శకు బలం ఉందనే నా అభిప్రాయం. నవల రాత్రిపూట వదలదన్నదీ నిజమే. రెండూ చదివి తేల్చుకోమనండి. అలా ఒక నవలనూ, దాని మీద విమర్శనూ చదివితే కొత్త చదువరి ఒక్క దెబ్బకు మనకంటే ముందుకు పోతాడు.

రంగనాయకమ్మ పేరు వచ్చింది కాబట్టి ఇంకోమాట. ఆవిడ పేరు చెప్పగానే సీరియస్ పుస్తకాలే గుర్తొస్తాయి మనకు. ‘స్వీట్ హోం’ ఆవిడ రాసిందేనని కొత్తవాళ్ళకు చెప్తే ఆశ్చర్యపోతారు. విమల, బుచ్చిబాబు అనే భార్యాభర్తల కీచులాటలతో మొదలయ్యే నవ్వు అది. నవ్వుతూనే పెళ్ళిలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న అడుగుతుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకు ఇంతకంటే మంచి మొదటి నవల నాకు తట్టలేదు.

డిటెక్టివ్ కథలంటే చెవి కోసుకునేవాళ్ళకు కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్, రాజుల పరిశోధనలు ఉన్నాయి. నేరాలతోపాటు నవ్వు కూడా కావాలంటే మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’. ఇంకా వేగం కావాలంటే మధుబాబు రాసిన గూఢచారి షాడో నవలలు. షాడోను సాహిత్యం అనాలా వద్దా అన్న చర్చ నాకు అనవసరం. పేజీ తిప్పే చేతికి అలవాటు నేర్పిందా లేదా అన్నదే ఇక్కడ లెక్క.

వీటిని “వ్యాపార నవలలు” అని ఒక ముద్ర వేసి పక్కన పెట్టడం మనకు అలవాటైంది. విమర్శకులుగా మీ తూకం మీ ఇష్టం. కానీ మీలో ఎంతమంది సరాసరి ‘చివరకు మిగిలేది’ రాసిన బుచ్చిబాబుతో మొదలుపెట్టారో ఒకసారి గుర్తుచేసుకోండి. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివింది ఏమిటి? అక్కయ్య దిండు కింద నుంచి లాగి చదివింది ఏమిటి? మీరు ఏ మెట్లు ఎక్కి పైకి వెళ్ళారో అవే మెట్లను కిందివాళ్ళకు కనబడకుండా దాచేస్తే ఎలా?

అలాగని తేలికైన నవల అంటే కాలక్షేపమే అని నేననడం లేదు. తేలిగ్గా చదివించే మంచి సాహిత్యం కూడా మన దగ్గర ఉంది. దాన్ని మనం తగినంత గట్టిగా చెప్పం, అంతే.

నా జాబితాలో అందరికంటే ముందుండేది డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఈనే రోజులు దగ్గరపడ్డ పంది ఒకటి ఇంటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ ఒక ముసలివాడు పొద్దుగూకే వేళ అడవిలోకి వెళ్తాడు. ఒక మనిషి, ఒక జంతువు, ఒక రాత్రి. పేర్ల గొడవ లేదు, వంశ చరిత్ర లేదు, వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన పని లేదు. రెండు మూడు సార్లు కూర్చుంటే అయిపోయేంత చిన్నది. అయినా అంతసేపూ ఊపిరి బిగబట్టుకునే చదువుతాం. పట్నంలో పుట్టి అడవి మొహం చూడనివాళ్ళు కూడా ఈ నవల దగ్గర ఆగిపోవడం నేను చూడలేదు. చదివి వచ్చాక “ఇంకేమైనా ఉందా?” అంటారు. అప్పుడు హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ గురించి చెప్పండి. 1952లో వచ్చింది, అదీ చిన్నదే. అక్కడ సముద్రం, ఇక్కడ అడవి. రెండూ వరసగా చదివినవాడు ఎవరూ నేర్పకుండానే పోల్చి చూడటం మొదలుపెడతాడు.

రెండోది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. శ్రీదేవి రాసిన నవల ఇదొక్కటే. చిన్న వయసులోనే చనిపోయారు. ఇందులో ఇందిర ఉంటుంది చూడండి, ఆమె కోసం ఈ పుస్తకం పదిమందికి ఇవ్వొచ్చు. ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది, తన సుఖం తను చూసుకుంటుంది, దానికి క్షమాపణ చెప్పుకోదు. మేడమీద గదిలో ఉండే ప్రకాశం ఆమె ముందు ఎంత డీలా మనిషో చదువుతుంటేనే తెలుస్తుంది. కల్యాణి, వసుంధర, కృష్ణమూర్తి, అంతా మనకు తెలిసినవాళ్ళలాగే ఉంటారు. భాష హాయిగా ఉంటుంది, ఉపన్యాసం ఎక్కడా ఉండదు. ఇందిర మంచిదా చెడ్డదా అని కొత్త చదువరులు గొడవపడటం ఖాయం. పాతికేళ్ళ అమ్మాయిలకు ఇస్తే ఇది అన్నేళ్ళ కిందటి నవల అంటే నమ్మరు. దీన్ని ఆధారం చేసుకుని 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. సినిమా బాగుంటుంది, నవలలోని ఇందిర మాత్రం నవలలోనే దొరుకుతుంది.

నవ్వుకోవాలి అనేవాళ్ళకు మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరిన కుర్రాడు రైల్లో, ఓడలో, హోటల్లో పడే అవస్థలు. తనమీద తనే నవ్వుకుంటూ చెప్తాడు కాబట్టి మనకు పక్కన కూర్చుని వింటున్నట్టే ఉంటుంది. మూడు భాగాలున్నాయి. దయచేసి మొదటి భాగం మాత్రమే చెప్పండి. కావాలంటే మిగతావి వాళ్ళే అడుగుతారు. 1920ల్లో మొదలైన పుస్తకం కాబట్టి అక్కడక్కడా పాత మాటలు తగులుతాయి, అర్థం కాకపోతే దాటేసి వెళ్ళిపొమ్మనండి. నవ్వు ఎక్కడా ఆగదు.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ విషయంలో ఒక జాగ్రత్త. అచ్చంగా నవల కాదు కానీ మొదటి పుస్తకంగా అందరూ చెప్తారు. తెలుగు గడగడా చదివేవాళ్ళకు దాని ముందు ఏదీ నిలవదు. అయితే బుడుగు మాట్లాడినట్టే రాసి ఉంటుంది, మాటలన్నీ పిల్లవాడి ఉచ్చారణలో విరిగి ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళకు అదే ఇబ్బంది. అలాంటివాళ్ళకు ఎవరైనా పైకి చదివి వినిపించాలి. సీగానపెసూనాంబ పేరు చెవిన పడితేనే దాని మజా.

కూడబలుక్కునేవాళ్ళ సంగతి మనం పెద్దగా పట్టించుకోం. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు, సినిమా డైలాగులు అప్పజెప్తారు, తెలుగు అక్షరాలు చదవాలంటే మాత్రం చెమటలు పడతాయి. బడంతా ఇంగ్లీషులో జరిగితే ఇంకేమవుతుంది? వాళ్ళను చూసి “మాతృభాష రాదా?” అని ఎత్తిపొడిచే పెద్దలకు నా విన్నపం, ఆ మాట మానేయండి. ఎత్తిపొడుపు విన్నాక ఎవరూ పుస్తకం తెరవరు. ఒక పని చేయొచ్చు. ఆడియో పుస్తకం వింటూ చేతిలో అచ్చు పుస్తకం పట్టుకోమనండి. చెవికి తెలిసిన మాట కంటికి త్వరగా పట్టుబడుతుంది.

వాళ్ళు ముందు ఇంగ్లీషులోనే చదువుతామంటే చదవనివ్వండి. అలవాటుకు భాషతో పేచీ లేదు. ఇంగ్లీషులోనూ ఇదే సూత్రం. పంతొమ్మిదో శతాబ్దపు లావుపాటి క్లాసిక్కులతో మొదలుపెట్టించకండి. ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935 నాటిది, ఇప్పటికీ ఒక్క వాక్యం కూడా అడ్డం తిరగదు. ఆర్వెల్ ‘యానిమల్ ఫార్మ్’లో పదే అధ్యాయాలు. రాజకీయం తెలియనివాడు జంతువుల కథగా చదువుతాడు, తెలిసినవాడు ఇంకోలా చదువుతాడు, ఇద్దరూ పూర్తి చేస్తారు. అగాథా క్రిస్టీ ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అయితే మరీనూ. పదిమంది ఒక దీవికి వస్తారు, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు, చంపేది ఎవరో తెలియదు. పాత్రలు పది అంటే ఎక్కువే, నేను ఇందాక చెప్పినదానికి విరుద్ధమే. కానీ క్రిస్టీ ఆ బరువు తగ్గించే పని తనే చేస్తూ పోతుంది!

అనువాదాల్లో మొదటి పుస్తకంగా నేను ధైర్యంగా చెప్పేది ‘ఏడు తరాలు’. ఆఫ్రికాలో పుట్టి బానిసగా అమెరికాకు చేరిన కుంటా కింటే, అతని తర్వాతి తరాల కథ. అలెక్స్ హేలీ 1976లో తెచ్చిన ‘రూట్స్’ను సహవాసి కుదించి తెలుగు చేశారు. సరదా పుస్తకం కాదు, తేలికైన బాధ కూడా కాదు. అయినా వాక్యం తెలుగులో పుట్టినట్టే ఉంటుంది, ఎక్కడా ఆపదు. నవ్వు, ప్రేమ అక్కర్లేదు, నిజంగా జరిగినట్టుండే కథ కావాలనేవాళ్ళకు ఇది ఇవ్వండి.

ఇన్ని పేర్లు చెప్పాను కదా, అడిగినవాళ్ళకు ఇవన్నీ పంపించకండి. ఇది మీ కోసం. ముప్పై పేర్ల జాబితా చూస్తే కొత్తవాడికి సిలబస్ గుర్తొస్తుంది. వాడు ఒకటి అడిగాడు, ఒకటే చెప్పండి.

ఆ ఒకటి ఏదో తేల్చడానికి ముందు ఒక ప్రశ్న అడగండి. “ఈమధ్య నిద్ర మానుకుని చూసిన సినిమా గానీ వెబ్ సిరీస్ గానీ ఏది?” దీనికి జవాబు వస్తే సగం పని అయినట్టే. హత్యలా, ప్రేమా, దెయ్యాలా, కుటుంబమా, రుచి తెలిసిపోతుంది. “ఏమేం చదివారు?” అని మాత్రం అడగొద్దు. ఏమీ చదవలేదని చెప్పడానికి సిగ్గుపడి ఏదో ఒక పేరు చెప్తారు, మనం దాన్ని పట్టుకుని తప్పుదారిలో పోతాం.

సినిమాగా వచ్చిన నవలల్ని కూడా తక్కువగా చూడకండి. కథ ముందే తెలిసిపోతే చదవడం దండగ అని మనం అనుకుంటాం. కొత్తవాడికి అది ఊతం. దారి తెలుసు కాబట్టి తప్పిపోతానన్న టెన్షన్ ఉండదు, చుట్టూ చూస్తూ నడుస్తాడు. ‘సితార’ సినిమా ఇష్టపడ్డవాళ్ళకు వంశీ ‘మహల్లో కోకిల’, ‘అభిలాష’ చూసినవాళ్ళకు యండమూరి రాసిన అదే పేరు నవల ఇచ్చి చూడండి. సినిమాలో లేనివి పుస్తకంలో ఏమున్నాయో మీకే వచ్చి చెప్తారు.

పుస్తకం ఇచ్చేటప్పుడు పొగడకండి. “ఇది నా జీవితాన్ని మార్చేసింది” అని చేతిలో పెడితే, మారకపోతే ఏమవుతుందోనని వాడికి దిగులు. నాలుగు రోజులకోసారి “ఎంతదాకా వచ్చింది?” అని కూడా అడగొద్దు. నచ్చకపోతే వదిలేయొచ్చని ఇచ్చేటప్పుడే చెప్పండి. ఫ్రెంచి రచయిత, టీచరు దానియెల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులు ఉన్నాయని రాశాడు. పేజీలు దాటేసే హక్కు, పూర్తి చేయకుండా వదిలేసే హక్కు అందులో ఉన్నాయి. చదివినదాని గురించి ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కు చివరిది. మన సాహిత్య సభలకు ఆ చివరిది అస్సలు నచ్చకపోవచ్చు. ఆయనకంటే చాలా ముందే, 1931లో, ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలన్నది రెండోది, పాఠకుడి సమయం వృథా చేయకూడదన్నది నాలుగోది. లైబ్రరీ నడిపేవాళ్ళకు రాసిన ఆ సూత్రాలు, అడిగినవాడికి పుస్తకం చెప్పే మనకూ వర్తిస్తాయి.

పెద్దవయసులో మొదలుపెట్టేవాళ్ళ గురించి ఒక్కమాట. వాళ్ళకు అక్షరాల సైజు ముఖ్యం. పాత ముద్రణల్లో సన్నటి అచ్చు చూసి పక్కన పడేస్తారు, నవల మీద విసుగుతో కాదు. ఫోన్లోనో ట్యాబ్లోనో అక్షరం పెద్దది చేసుకోవడం చూపించండి. చిన్నప్పుడు ఇంట్లో ఎవరో సీరియల్ చదివి వినిపించిన జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. ఆ సీరియల్ పేరు కనుక్కుని అదే ఇవ్వండి.

మొదటిది అయ్యాక రెండోది అడుగుతారు. అప్పుడూ తొందరపడొద్దు. ‘సెక్రటరీ’ నచ్చినవాళ్ళకు యద్దనపూడిదే ఇంకోటి, దాని తర్వాత ‘కాలాతీత వ్యక్తులు’. యుగంధర్ నచ్చినవాళ్ళకు క్రిస్టీ. ‘అతడు అడవిని జయించాడు’ నచ్చినవాళ్ళకు కేశవరెడ్డి ‘మునెమ్మ’. ఇలా ఒక్కో అడుగూ పక్కపక్కనే ఉండాలి. గోపీచంద్, బుచ్చిబాబు, వడ్డెర చండీదాస్ ఎక్కడికీ పోరు. చదువు రుచి తెలిసినవాడు తనంతట తనే వాళ్ళ దగ్గరికి వస్తాడు, రాకపోయినా కొంప మునగదు. జీవితాంతం డిటెక్టివ్ నవలలే చదివినవాడూ పాఠకుడే.

ఈ లేఖలోని పేర్లతో మీలో చాలామందికి పేచీ ఉంటుందని తెలుసు. ‘కాలాతీత వ్యక్తులు’ మొదటి నవలగా ఇవ్వదగ్గది కాదు, కనీసం ఐదోది కావాలని నా స్నేహితులే అంటారు. యండమూరి పేరు చూసి కొందరు ఈపాటికే కాగితం పక్కన పెట్టేసి ఉంటారు. ఆ వాదనకు నేనెప్పుడైనా సిద్ధం. ఒక్క షరతు. మనిద్దరమే ఉన్నప్పుడు పెట్టుకుందాం, పుస్తకం అడిగిన మనిషి ముందు వద్దు.

ఇట్లు,
మీలో ఒకరు